అమ్మడూ, ముందు తడి బక్కెట్టు, తర్వాత మోటారు

అమ్మడూ,

నిన్న ఫోన్లో గబగబా చెప్పేసి పెట్టేశావు గానీ మీ 14 ఇళ్ళకీ నిన్నే సెక్రటరీని చేశారంటే రాత్రంతా నాకు అదే ఆలోచన, పొద్దున్నే లేచి రాసేస్తున్నాను. చెత్త, కరెంటు అన్నీ ఒకేసారి మొదలెట్టేద్దాం మావయ్యా అన్నావు చూడు, అక్కడే నాకు భయం. మొదటి నెల రెండే పట్టుకో, తడి చెత్త బక్కెట్టు ఒకటి, నీళ్ళ మోటారు ఒకటి.

తడి ముందు ఎందుకంటే మిగతా చెత్తని పాడుచేసేది అదే తల్లీ. అట్టపెట్టె, సీసా, పాల కవరు పొడిగా ఉంటే పాత సామాన్లు కొనే అతను తూకమేసి తీసుకుపోతాడు, అవే పప్పుచారు మరకలతో ఉంటే ముట్టుకోడు, చివరికి కాలవలోకో ఆవు కడుపులోకో పోతాయి. మీ అమ్మమ్మ పెరట్లో కుడితి గోలెం ఉండేది, బియ్యం కడుగు, గంజి, తొక్కలు అన్నీ గేదెకే, చిరిగిన చీరలు బొంతలకి, ఇంట్లోంచి బయటికి పోయే చెత్తే ఉండేది కాదు. ఇప్పుడు గేదె లేదు కాబట్టి డ్రమ్ము.

రెండు పాత డ్రమ్ములు తీసుకో, అడుగునా పక్కలా బెజ్జాలు పెట్టాలి, కింద కొబ్బరి పీచు పరిచి (కొబ్బరి తోటల కవిటి, సోంపేట పక్కనే ఉన్నాయి, మీకు పీచుకి ఏం లోటు) ఒక పొర తొక్కలు, ఒక పొర ఎండాకులు, మధ్యలో కాస్త పుల్లమజ్జిగ చల్లు. వాసనొచ్చిందంటే తడి ఎక్కువైందని, ఇంకాస్త ఎండాకులేసి కర్రతో కలిపెయ్యి, అంతే. ఒకటి నిండాక మూత పెట్టేసి రెండోది మొదలెట్టు, రెండు నెలలకి మట్టి వాసనతో నల్లటి ఎరువు దిగుతుంది. చేప ముళ్ళు, మాంసం మాత్రం వెయ్యొద్దు, ఎలకలు చేరతాయి. పాల ప్యాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ముక్క ఊడిపోకుండా చూడమని అందరికీ చెప్పు, ఆ చిన్న ముక్క ఎవరూ ఏరరు. పాత బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు విడిగా ఒక డబ్బాలో.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మా విజయనగరం అపార్ట్‌మెంట్‌లో మొదటి ఏడాది, చెత్త కలిపి ఇచ్చేవాళ్ళ ఫ్లాట్ నంబర్లు నోటీసు బోర్డు మీద అంటించాను. ఒకావిడ మాట్లాడ్డం మానేసింది, రెండిళ్ళవాళ్ళు రాత్రిపూట మూలన పడెయ్యడం మొదలెట్టారు. ఆ కాగితం చింపేశాను, మొదటి ఎరువు దిగాక మీ అత్త ఇంటింటికీ తిరిగి తులసి కుండీలకని తలో సంచీ ఇచ్చింది, ఆ మాట్లాడనావిడే వారం తిరక్కుండా ఇంకో సంచీ కోసం వచ్చింది.

ఇంక మోటారు. 30 ఏళ్ళు కరెంటు లైన్ మీద పనిచేసినవాణ్ణి, 2018 తిత్లీ తుపానప్పుడు మందస వైపు స్తంభాలు లేపాను, రోజుల తర్వాత ఒక్క బల్బు వెలిగితే ఊరంతా బయటికొచ్చి చూశారు, అప్పట్నుంచి ఊరికే తిరిగే మీటరు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మీ 2 హెచ్‌పీ మోటారు గంటకి ఒకటిన్నర యూనిట్ తాగుతుంది, ట్యాంకు నిండాక రోజూ అరగంట పొర్లితే నెలకి 22 యూనిట్లు, ఆ నీళ్ళు కూడా దండగే. ట్యాంకు నిండగానే మోటారుని దానంతటదే ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించు, పోయేది ఏమీ లేదు. మెట్ల దగ్గర చోకు ట్యూబ్‌లైట్లు 6 ఉన్నాయన్నావు, అవి తీసేసి 20 వాట్ల ఎల్‌ఈడీ పెడితే రాత్రికి 12 గంటల లెక్కన నెలకి 60 యూనిట్ల పైనే మిగులుతుంది. ముందు ఈ నెల రీడింగ్ రాసి పెట్టుకో, వచ్చే నెలది పక్కన రాసి చూపించు, అప్పుడు నువ్వు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఇళ్ళల్లో ఫ్యాన్ల గురించి ఎవరైనా అడిగితేనే చెప్పు. పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం, బీఎల్‌డీసీ ఫ్యాన్, 30, రోజుకి 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కి నెలకి 20 యూనిట్లు తేడా. నెలకి 225 యూనిట్లు దాటాక 6 రూపాయల యూనిట్ 8.75 అవుతుంది కాబట్టి ఎక్కువ వాడే ఇళ్ళవాళ్ళు ముందు వింటారు. ఏసీ 24 మీద పెట్టి ఫ్యాన్ వేసుకోమను.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను, డ్రమ్ములకి బెజ్జాలు వెయ్యడానికి డ్రిల్లు నేనే తెస్తాను, నువ్వు పీచు ఒక గోనెడు చూసి ఉంచు.

మీ మావయ్య