సెక్యూరిటీ లైను లేకపోయినా ఎర్రర్ రాదు

సందేహం: డెబియన్ 12 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాల్ చేస్తుంటే మధ్యలో నెట్ పోయింది. మిర్రర్ (ప్యాకేజీలు దించుకునే సర్వర్) ఎంచుకునే దశ వదిలేసి ముందుకెళ్లాను. ఇప్పుడు సిస్టమ్ బూట్ అవుతోంది కానీ ఏ ప్యాకేజీ అడిగినా దొరకలేదంటోంది. నెట్‌లో దొరికిన సోర్సెస్ లిస్టు (ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే ఫైలు) పేస్ట్ చేస్తే పబ్లిక్ కీ లేదని ఎర్రర్ వస్తోంది. ఆ లైన్‌లో ట్రస్టెడ్ అని రాస్తే ఎర్రర్ పోతుందట. రాయొచ్చా?

జవాబు: రాయొద్దు. ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది, ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే సలహా ఇచ్చి ఉంటున్నారు. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు దానిలోని స్క్రిప్టులు రూట్ (పూర్తి అడ్మిన్) అధికారంతో నడుస్తాయి, అంటే ఆ లిస్టులో ఎవరి అడ్రస్ పెడితే వాళ్ల చేతికి మీ మెషీన్ మొత్తం ఇచ్చేసినట్టే. మధ్యలో ఎవరూ ఫైలు మార్చలేదని చెప్పేది ఆ పబ్లిక్ కీతో చేసే డిజిటల్ సంతకం తనిఖీ ఒక్కటే. ట్రస్టెడ్ అని రాశారంటే దాన్ని మీ చేత్తో మీరే తీసేసినట్టు. 2019లో ప్యాకేజీలు తెచ్చి ఇన్‌స్టాల్ చేసే ఏపీటీ (apt) ప్రోగ్రామ్‌లోనే ఒక లోపం బయటపడింది, నెట్‌వర్క్ మధ్యలో కూర్చున్నవాడు రూట్‌గా కోడ్ నడిపించగలిగేవాడు. తనిఖీ ఉన్నప్పుడే అలాంటివి జరిగాయి, ఇక అది కూడా లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి.

అసలు డెబియన్ కీలు బేస్ సిస్టమ్‌తోనే వచ్చేస్తాయి. అయినా కీ లేదంటోందంటే మీరు పేస్ట్ చేసిన దానిలో ఉబుంటు లైనో, ఇంకెవరిదో రిపాజిటరీనో (ప్యాకేజీల నిల్వ) ఉండి ఉంటుంది. మొత్తం తీసేయండి. ఒకవేళ ఎర్రర్‌లో రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదని ఉంటే అది కీ గొడవ కాదు, మీ గడియారం వెనకబడింది. తేదీ సరిచేస్తే చాలు.

మీకు కావాల్సినవి మూడే లైన్లు: బుక్‌వర్మ్ (డెబియన్ 12కి పెట్టిన పేరు), బుక్‌వర్మ్ అప్‌డేట్స్, సెక్యూరిటీ సర్వర్ నుంచి బుక్‌వర్మ్ సెక్యూరిటీ. వైఫై కార్డుకి ఫర్మ్‌వేర్ (కార్డుని నడిపే ఫైళ్లు) కావాలంటే ఆ లైన్లలో మెయిన్ అన్న మాట పక్కన నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ కూడా చేర్చండి. 12వ వెర్షన్ నుంచే ఇది వేరే భాగం అయింది, అందుకే పాత గైడ్లు చూసి రాసినవాళ్లకి ఫర్మ్‌వేర్ దొరకదు. సెక్యూరిటీ లైను రాసే తీరు కూడా 11 నుంచి మారింది. ఆ తర్వాత డీపీకేజీ (dpkg) కమాండ్‌తో సగంలో ఆగినవన్నీ ఒకసారి కాన్ఫిగర్ చేయించండి.

నాకు ఒళ్లు మండేది ఇన్‌స్టాలర్ల తీరు చూస్తే. ఇన్‌స్టాల్ చేసే సమయంలో సెక్యూరిటీ సర్వర్ అందకపోతే డెబియన్ ఇన్‌స్టాలర్ ఆ లైను ముందు హ్యాష్ (#) పెట్టి పనిచేయకుండా చేసి, తనిఖీ చేయలేకపోయాం కాబట్టి ఆపేశాం అని ఫైల్లోనే ఒక కామెంట్ రాసి ఊరుకుంటుంది. ఆ ఫైలు ఎంతమంది తెరుస్తారు? ఇన్‌స్టాలేషన్ పూర్తయింది అంటుంది, డెస్క్‌టాప్ వస్తుంది, అప్‌డేట్ నొక్కితే అన్నీ తాజాగా ఉన్నాయంటుంది. ఉన్న లైన్ల వరకు అది నిజమే కాబట్టి ఎర్రరేమీ రాదు, ఈలోపు బ్రౌజర్‌కీ కెర్నెల్‌కీ రావాల్సిన సెక్యూరిటీ ప్యాచ్‌లు సమయానికి రావు. ప్యాకేజీ దొరక్కపోతే మనిషి టెన్షన్ పడి వెతుక్కుంటాడు, ప్యాచ్ రాకపోతే తెలియను కూడా తెలియదు. ఫోన్లయినా రూటర్లయినా ఇదే వరస, అప్‌డేట్ చూడలేకపోయినప్పుడు ఆ మాట తెర మీద పెద్దక్షరాల్లో చెప్పాలి. లాగ్ ఫైల్లోనో కామెంట్‌లోనో రాసి చేతులు దులుపుకోవడం నిర్లక్ష్యం.

కాబట్టి లైన్లు రాశాక ఏపీటీ అప్‌డేట్ కొట్టి, ఆ వెంటనే ఏపీటీ పాలసీ కొట్టండి. వచ్చే జాబితాలో బుక్‌వర్మ్ సెక్యూరిటీ పేరు కనిపించాలి. కనిపించకపోతే బ్రౌజర్ తెరవకముందే ఆ ఫైలు మళ్లీ చూడండి.