చెప్పేది నువ్వే కావాలి

చిత్తూరు

బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. శ్రీసిటీలోని కంపెనీ నిన్ను ఇంటర్వ్యూకి పిలిచిందట. బ్రహ్మోత్సవాలకు తీసుకెళ్తే మాడవీధుల జనాన్ని చూసి నా పంచె అంచులో ముఖం దాచుకుని, వాహనం చూడకుండానే తిరిగి వచ్చిన పిల్లవి నువ్వు. కొత్తవాళ్ళ ఎదుట ఒక్కదానివే కూర్చుంటానన్నావంటే నాకు ఎంత గర్వంగా ఉందో! కానీ ఆ తర్వాత మీ అమ్మ అన్న రెండు మాటలకు నిద్ర పట్టలేదు. సామాజిక ఆందోళన, అంటే నలుగురి ముందు విపరీతంగా భయపడే స్థితి, ఉందని డాక్టరు చెప్పిన సంగతి నువ్వు బయోడేటాలోనే రాస్తానంటున్నావని ఒకటి. ఆ కంపెనీలో నాకు తెలిసినాయనతో "పిల్ల భయస్తురాలు, కాస్త చూసుకోండి" అని చెప్పమని రెండోది.

బయోడేటాలో రాయవద్దు. షుగరు ఉన్నవాళ్ళు అందులో షుగరని రాస్తారా? ఆరోగ్యం గురించి అడిగి సంతకం పెట్టించుకునే కాగితంలో మాత్రం అబద్ధం రాయకు.

ఇక రెండోది. సరిగ్గా ఆ మాటే నేను ఒకసారి అన్నాను, మీ నాన్న గురించి.

1998లో నేను ఇక్కడ ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుని. సీజనులో తోతాపురి లోడుతో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరేవి. కాటా దగ్గర బరువు రాసి రైతులకు చీటీ ఇచ్చే పని ఖాళీ అయితే మీ నాన్నకు ఇప్పించాను. తమ్ముడు లెక్కల్లో దిట్ట. కానీ నలుగురు చూస్తుంటే చేతిలో నీళ్ళ గ్లాసు వణికేది, చొక్కా తడిసిపోయేది. దానికి ఒక పేరుందని అప్పట్లో మాకెవరికీ తెలియదు. చేరే ముందురోజు సాయంత్రం, వాడికి చెప్పకుండా, మేనేజరు గదికి వెళ్ళాను. "మా వాడికి మనుషులంటే భయం సార్, కాస్త చూసుకోండి" అన్నాను. మంచి పని చేశాననుకుంటూ ఇంటికి వచ్చాను.

మేనేజరు మంచివాడే. చూసుకున్నాడు. కాటా పని వేరొకరికిచ్చి, మీ నాన్నను గోడౌను వెనక గదిలో లెక్కల పుస్తకాల ముందు కూర్చోబెట్టాడు. తొమ్మిదేళ్ళు. వాడి తర్వాత వచ్చినవాళ్ళు పైకి వెళ్ళారు. చివరికి స్టోరు ఇన్‌చార్జి పని కోసం మీ నాన్న తనంతట తాను అడిగితే, అప్పటికి కొత్తగా వచ్చిన మేనేజరు "మీకు మనుషులతో పడదటగా" అన్నాడట. నేను అన్న మాట ఎన్ని నోళ్ళు తిరిగి ఏ రూపంలో వాడిని చేరిందో చూడు.

ఆ రాత్రి నేనే ఒప్పుకున్నాను. వాడు కోప్పడలేదు. "పదిమంది ముందు తడబడతాను గానీ ఒక్కొక్కరితో బాగానే మాట్లాడతాను కదా అన్నయ్యా. కాటా దగ్గరికి రైతులు ఒక్కొక్కరేగా వస్తారు" అన్నాడు. తోడబుట్టినవాణ్ణయినా ఆ తేడా నాకు తెలియదు. తెలిసినవాడు వాడొక్కడే, వాడిని నేను నోరు తెరవనివ్వలేదు. మరుసటి ఏడాది తిరుపతికి వచ్చేశాడు. నీ చదువు కోసమని నీకు చెప్పి ఉంటాడు.

అందుకే మీ అమ్మకు కుదరదన్నాను. ఆమె కాళ్ళావేళ్ళా పడినా ఆ ఫోను చేయను.

నువ్వు చెప్పాలా వద్దా అంటే, ఉద్యోగం ఇస్తున్నట్టు కాగితం చేతికి వచ్చాక, అవసరమైతేనే చెప్పు. జబ్బు పేరుతో మొదలుపెట్టకు, నీకు ఏది ఉంటే పని బాగా జరుగుతుందో అది చెప్పు. మీటింగులో ఏం మాట్లాడాలో ముందురోజే తెలియజేయమని అడగవచ్చు. పేరు విన్నవాడు తనకు తోచింది ఊహించుకుంటాడు. ఇలా అడిగితే ఇస్తానో ఇవ్వననో చెప్పాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది, ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలనీ ఉంది. అయితే ఆ చట్టం చెప్పేది రోజువారీ జీవితాన్ని బాగా దెబ్బతీసే తీవ్రమైన స్థితి గురించి. నీది అందులోకి వస్తుందో రాదో నీ డాక్టరునే అడుగు. నీ అనుమతి లేకుండా ఆ డాక్టరు కంపెనీకి చెప్పడం కుదరదు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నీకు ఆ గోప్యత ఇచ్చింది. కానీ తల్లీ, ఇంటర్వ్యూ తర్వాత పిలవనివాడు కారణం చెప్పడు. చట్టం ఉన్నా ముందే చెప్పవద్దనేది అందుకే.

ముందురోజు వెళ్ళి ఆ గేటు, ఆ భవనం చూసి రా. వణుకు తగ్గుతుందని ఎవరో ఇచ్చిన మాత్ర వేసుకోకు, నీకు చిన్నప్పటి ఉబ్బసం ఉంది, ఆ మాత్రల్లో కొన్ని దానికి ప్రమాదం. రాత్రి గుండె దడ ఆగకపోతే 14416కు ఫోను చెయ్యి, టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి వాళ్ళు ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఒక సాయంత్రం మీ నాన్నతో కపిల తీర్థం దాకా నడిచి వెళ్ళు. ఎదురుగా కూర్చుంటే చెప్పడు గానీ పక్కన నడుస్తుంటే చెబుతాడు. ఆనాడు మేనేజరుతో తానే మాట్లాడి ఉంటే ఏమనేవాడో అడుగు. నేను ఇప్పటికీ అడగలేకపోయాను.

మీ పెదనాన్న