రోజూ అదే నలుగురు, అదే టైమ్

ప్రశ్న: మేడమ్, నమస్తే. 2020లో హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి తణుకు వచ్చేశాను. తర్వాత ఉద్యోగం మారినా పని మాత్రం ఇంటి నుంచే. సాయంత్రం ఆరున్నరకి లాగిన్ అయితే తెల్లవారుజామున మూడున్నర దాకా అమెరికా క్లయింట్‌తోనే సరిపోతుంది. ఊళ్లో అందరూ లేచే టైమ్‌కి నేను నిద్రలో ఉంటాను. జీతం మిగులుతోంది గానీ, పని సంగతి కాకుండా ఎవరితోనైనా మాట్లాడి చాలా కాలమైంది. నాలాంటి ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి మాలాంటివాళ్ల కోసం ఒక యాప్ చేద్దామనుకుంటున్నాం. ఆసక్తుల్ని బట్టి కొత్తవాళ్లని పరిచయం చేయడం, చాట్, పోస్టులు, రోజూ వస్తే పాయింట్లు, ఇవీ మా ఆలోచనలు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తణుకు

జవాబు: చాట్, పోస్టులు, పాయింట్లు, ఈ మూడూ ముందే కొట్టేయండి. మీ ఫోన్లో వాట్సాప్ ఉంది, అందులో బీటెక్ బ్యాచ్ గ్రూపు ఉండే ఉంటుంది, ఆఫీసు మెసేజ్‌లు రాత్రంతా మోగుతూనే ఉంటాయి, ఇన్ని ఉండి కూడా మీరు ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఇంకో చాట్ వచ్చి ఆ లోటు తీర్చదు.

ఈ సమస్య కరోనాతో పుట్టింది కూడా కాదు. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ 2010 చివర్లో తన షాంఘై కాల్ సెంటర్‌లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది, స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికలస్ బ్లూమ్ బృందం దాన్ని పరిశీలించింది. ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు 13 శాతం మెరుగైంది, ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. అయినా తొమ్మిది నెలలయ్యాక 'ఇక మీ ఇష్టం' అంటే దాదాపు సగం మంది ఆఫీసుకే తిరిగెళ్లారు. కావాలని అడిగి ఇంటికి వెళ్లినవాళ్లు వీళ్లు! వాళ్లు చెప్పిన పెద్ద ఫిర్యాదు ఒంటరితనం.

ఇప్పుడు మీ మొదటి ఆలోచన, కొత్తవాళ్ల పరిచయం సంగతి. కాన్సస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ 2018లో ఒక లెక్క తేల్చారు: పరిచయస్తుడు మామూలు స్నేహితుడవ్వాలంటే ఇద్దరూ కలిసి సుమారు 50 గంటలు గడపాలి, దగ్గరి స్నేహానికి 200 గంటలు దాటాలి. మీ యాప్ వారానికొక కొత్త మనిషిని చూపించి అరగంట మాట్లాడిస్తే ఏడాది తిరిగేసరికి యాభై మంది తెలుస్తారు, ఒక్కరూ స్నేహితులవ్వరు. అదే నలుగురైదుగురితో రోజూ గంట, వారానికి ఐదు రోజులు కూర్చోబెడితే పది వారాల్లో ఆ 50 గంటలు పూర్తవుతాయి. నా దృష్టిలో మీ డిజైన్ మొత్తం ఈ లెక్క మీదే నిలబడాలి. హాల్ ఇంకో మాట కూడా చెప్పారు, కలిసి పనిచేసిన గంటల కంటే కబుర్లకీ సరదాకీ గడిపిన గంటలే మనుషుల్ని ఎక్కువ దగ్గర చేస్తాయని. ఫోకస్‌మేట్ అని ఒక సర్వీసు ఉంది, ఇద్దరిని వీడియోలో కలిపి 25, 50, 75 నిమిషాల చొప్పున ఎవరి పని వాళ్లని చేసుకోమంటుంది. పని వాయిదా వేసేవాళ్లకి అది బాగా పనికొస్తుంది, స్నేహానికి మాత్రం అది ఒక్కటే చాలదు.

అందుకని గుంపుకి ఐదుగురు, మహా అయితే ఆరుగురు. కలపాల్సింది ఆసక్తుల్ని బట్టి కాదు, షిఫ్టునీ ఊరినీ బట్టి. తణుకు, తాడేపల్లిగూడెం, భీమవరం, పాలకొల్లు వాళ్లని ఒక గుంపులో వేస్తే ఏదో ఒక ఆదివారం నిజంగా కలుసుకోగలరు. అమెరికా తూర్పు తీరంలో లంచ్ టైమ్ అంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర, క్లయింట్ వైపు కాస్త సద్దుమణుగుతుంది, ఆ గంటలోనే మీ గుంపు టీ బ్రేక్ పెట్టండి. నవంబర్‌లో వాళ్ల గడియారం వెనక్కి జరిగితే అది మనకి పదిన్నర అవుతుంది, మార్చిలో మళ్లీ మామూలే, కాబట్టి గుంపు టైమ్ దానంతటదే మారేలా ముందే రాసుకోండి.

వీడియో తప్పనిసరి చేయొద్దు. మన ఇళ్లల్లో చాలామంది హాల్లోనో, పడగ్గదిలో మంచం మీదో కూర్చుని పనిచేస్తారు, వెనక ఇంట్లోవాళ్లు తిరుగుతుంటారు, ముఖ్యంగా ఆడవాళ్లు కెమెరా అంటేనే వెనకాడతారు. ఆడియో చాలు. ఫోన్ నంబర్ ఎవరికీ కనబడకూడదు, ఇద్దరూ ఒప్పుకుంటేనే విడిగా మెసేజ్, ఆడవాళ్లకే పరిమితమైన గుంపులు కూడా ఉండాలి. ఇవి తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆడవాళ్లు మొదటి వారమే వెళ్లిపోతారు, మళ్లీ రారు.

ఒకరు రెండు రోజులు కనిపించకపోతే యాప్ నుంచి నోటిఫికేషన్ పంపకండి. గుంపులో ఒకరికి 'ఫలానావాళ్లు రాలేదు, ఒకసారి పలకరిస్తారా' అని చెప్పండి. తనని మనిషి వెతుక్కుంటూ వచ్చాడనే నమ్మకం కలిగించడానికే కదా ఇదంతా.

డబ్బు కోసం కంపెనీల హెచ్ఆర్‌లకి అమ్మాలనిపిస్తుంది. అమ్మండి, కానీ ఎవరు వచ్చారు, ఎంతసేపున్నారు అన్నది మేనేజర్‌కి కనబడితే ఎవరూ నోరు విప్పరు. మాటలు రికార్డు చేయొద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఏ పనికని చెప్పి సమ్మతి తీసుకున్నారో ఆ పనికే డేటా వాడాలి.

ఫలితాన్ని యాప్‌లో గడిపిన నిమిషాలతో కొలవకండి. ఒంటరితనం కొలవడానికి పరిశోధకులు వాడే మూడు చిన్న ప్రశ్నలున్నాయి: తోడు లేదని, నన్ను వదిలేశారని, అందరికీ దూరంగా ఉన్నానని ఎంత తరచుగా అనిపిస్తుంది? ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. చేరిన రోజు అడగండి, మూడు నెలలయ్యాక అడగండి.

కోడ్ రాయడం ఇప్పుడే వద్దు. ఒక మీటింగ్ లింకు, పన్నెండు మంది, రెండు గుంపులు. ఆరు వారాలు నడపండి. మనుషులు నిలబడితే అప్పుడు యాప్ రాయండి.

ప్రశ్న: అక్కా, మా ఆయన మూడేళ్లుగా ఇంటి నుంచే పనిచేస్తున్నారు. ఇంట్లో ఆరుగురం ఉంటాం, అందరం కలిసే తింటాం. అయినా ఒంటరిగా ఉంది అంటారు. మాతో ఉండటం ఇష్టం లేదనుకోవాలా?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: లేదమ్మా, అలా అనుకోకండి. చుట్టూ మనుషులు లేకపోవడం వేరు, కావాలనుకున్న సాంగత్యం దొరక్క పడే బాధ వేరు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ రెండింటినీ విడిగానే చూస్తుంది. మీ ప్రేమ ఆయనకి అందుతూనే ఉంది. ఆయనకి లేనిది తన పని కష్టం విడమరచి చెప్పకుండానే అర్థమయ్యే తోటివాళ్లు. పని అయ్యాక సాయంత్రం ఓ గంట బయటికెళ్తానంటే, పొద్దంతా ఇంట్లోనే ఉండి మళ్లీ బయటికెందుకు అనకండి. ఊళ్లో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఇంకా ఉంటారు, వాళ్లని ఒక రోజు మీ ఇంటికే టీకి పిలవమనండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకుండా దేని మీదా ఆసక్తి లేనట్టుంటే మాత్రం ఆగొద్దు. మానసిక సమస్యలకి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది, దాని నంబర్ 14416కి ఏ టైమ్‌లోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన చేయనంటే మొదటి ఫోన్ మీరే చేయండి.