వాడికి పోలీసు పేరు చెప్పి భయపెట్టకు

అమ్మలూ,

నిన్న పొద్దున్న మీ అమ్మ ఫోన్ చేసింది. విజయనగరంలో మేడ మీద ఇల్లు తీసుకున్నావట, వచ్చే నెలలో డ్యూటీలో చేరతావట, చిన్నాడిని ఊళ్ళో వదలకుండా నీ దగ్గరే ఉంచుకుంటావట. అల్లుడు గుజరాత్ నుంచి రావడానికి ఇంకో ఏడాది పడుతుందని తెలిసి కూడా. మీ అమ్మ గొంతులో కోపం, ఏడుపు రెండూ ఉన్నాయి. "రెండున్నరేళ్ళ గుంటడు, అందులోనూ అలాంటోడు. ఒక్కత్తీ ఎలా చూస్తాదే అప్పా?" అని నన్ను అడిగింది. నేనేమీ అనలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం వీధి అరుగు మీద చాలాసేపు సంతోషంగా కూర్చున్నాను. మన ఇంట్లో పెంకి పిల్లల్నందరినీ అమ్మమ్మల దగ్గరికి పంపేసేవారు. నన్నూ అలాగే పంపారు. పంపను అన్నది నువ్వొక్కదానివే.

సంతోషంతో పాటు భయం కూడా పట్టుకుంది. పోయిన వారం వీడియో కాల్‌లో నువ్వు వాడికి పాలు పట్టిస్తున్నావు. వాడు గ్లాసు తోసేశాడు. "తాగకపోతే పోలీసొచ్చి పట్టుకుపోతాడు" అన్నావు. వాడు గటగటా తాగేశాడు. నువ్వు నా వైపు చూసి నవ్వావు. నేను నవ్వలేకపోయాను. ఫోన్‌లో చెబితే "అలాగే పెద్దమ్మా" అని మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. టీకాల కార్డు పోగొట్టకు. విటమిన్ ఎ మందు ఐదేళ్ళు నిండేదాకా ఆరు నెలలకోసారి పట్టించాలి. చోడి (రాగి) జావ, పప్పు, గుడ్డు, ఇంట్లో వండిన కూర చాలు. రాత్రీ పగలూ కలిపి 11, 12 గంటలైనా నిద్ర ఉండాలి. నిద్ర తక్కువైన రోజునే పిల్లలు ఎక్కువ పేచీ పెడతారు. మీ వీధి అంగన్‌వాడీలో పేరు రాయించు. మూడేళ్ళ లోపు పిల్లలకి బాలామృతం ఇస్తారు. నేను పలాస నుంచి తెప్పించి పంపిన జీడిపప్పు వాడి చేతికి పలుకుల్లా ఇవ్వకు, పొడి చేసి జావలో కలుపు. పలుకు గొంతుకి అడ్డం పడితే మనకి ఆలోచించుకునే టైం కూడా ఉండదు.

మేడ మీద ఇల్లు అన్నారు కాబట్టి ఒక మాట. పిట్టగోడ దగ్గర కుర్చీ గానీ, బకెట్ గానీ, పూలకుండీ గానీ ఉంచకు. వాడు ఎక్కుతాడు. కుళాయి వచ్చినప్పుడు డ్రమ్ములు, టబ్బులు నింపుకుంటాం కదా, మూతలు పెట్టు, స్నానాల గది తలుపు బయట నుంచి గడియ వెయ్యి. బకెట్లో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు కూడా ఆ వయసు పిల్లలకి ప్రమాదమే. తల బరువుకి ముందుకి పడితే లేవలేరు, అరవలేరు. నేను పెద్దదాన్ని, చాదస్తం అనుకున్నా సరే, ఇల్లు చేరిన మొదటి రోజే ఈ పని చెయ్యి.

ఇక అసలు విషయం. మీ అన్నయ్య సంగతి నీకు సగమే తెలుసు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతరలో తప్పిపోయాడని, రాత్రికి దొరికాడని ఇంట్లో చెప్పుకుంటారు. అంతసేపు ఎందుకు దొరకలేదో నేను ఎవరికీ చెప్పలేదు. మొన్న వాడికే ఫోన్ చేసి, చెల్లికి రాయనా అని అడిగాను. "రాయమ్మా" అన్నాడు.

అప్పుడు మేం నెల్లిమర్లలో ఉండేవాళ్ళం. మీ పెద్దనాన్న జూట్ మిల్లులో పని. నైట్ షిఫ్టు పడిన వారం పగలే నిద్ర. మాకున్నది ఒక్క గది, ముందు చిన్న వసారా. మీ అన్నయ్యకి మూడేళ్ళు నిండలేదు. గిన్నెలు వాయించేవాడు, మంచం మీద నుంచి దూకేవాడు, తలుపు తీసి ఉంటే చంపావతి ఏటి వైపు పరుగే. వద్దంటే నేల మీద పడి దొర్లేవాడు. ఆయనకి నిద్ర చాలక రాత్రి మిషన్ దగ్గర కునుకు పడితే ఏమవుతుందోనని నాకు రోజంతా టెన్షన్. ఒకరోజు ఖాకీ బట్టల్లో ఒకాయన సైకిల్ మీద వెళ్తుంటే, "అదిగో పోలీసు. అల్లరి చేస్తే పట్టుకుపోతాడు" అన్నాను. పిల్లాడు నోరు మూసుకుని నా కుచ్చిళ్ళ వెనక నక్కాడు. ఆ పూట ఆయన హాయిగా పడుకున్నారు. ఇంత సులువా అనుకున్నాను. ఇక అన్నానికీ పోలీసే, స్నానానికీ పోలీసే, పడుకోబెట్టడానికీ పోలీసే. రెండు నెలలు అలాగే నడిపాను. పక్కింటివాళ్ళు "గుంటడికి బుద్ధొచ్చింది" అంటే పొంగిపోయాను కూడా.

1987లో దసరా వెళ్ళిన మంగళవారం సిరిమానుకి వెళ్ళాం. నువ్వు చూసే ఉంటావు కదా, గుడి ఉన్న మూడు లాంతర్ల సెంటర్ దగ్గర ఆ రోజు జనం ఎలా ఉంటారో. తెల్ల ఏనుగు, అంజలి రథం, పాలధార ముందు కదిలాయి. వాటి వెనక అంత పొడుగు మాను కొసన పూజారి కూర్చుని వస్తుంటే "జై పైడిమాంబ" అని జనం ఒక్కసారిగా ముందుకి తోసుకొచ్చారు. అరటిపళ్ళు విసురుతున్నారు. నా కుడిచేతిలో పండు ఉంది, ఎడమచేతిలో పిల్లాడి చెయ్యి. పండు విసిరి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. దించేసరికి పిల్లాడు లేడు.

మీ పెద్దనాన్న కోట వైపు పరిగెత్తారు, నేను గంటస్తంభం వైపు. పోలీసులకి చెబితే వెంటనే మైకులో పిలిచారు. పేరు, పసుపు చొక్కా, మెడలో నల్లతాడు, అన్నీ చెప్పారు. సిరిమాను మూడుసార్లూ తిరిగిపోయింది. చీకటి పడింది. అప్పుడు ఒక కానిస్టేబుల్ నా దగ్గరికి వచ్చి, "పసుపు చొక్కా బాబు ఇందాక గుడి పక్కన ఏడుస్తూ కనిపించాడమ్మా. పేరు అడుగుదామని వంగేసరికి నన్ను చూసి పారిపోయాడు. ఎందుకో తెలీదు" అన్నాడు. నాకు తెలుసు. ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను.

రాత్రి ఎనిమిది దాటాక అరటిపళ్ళు అమ్ముకునే ముసలామె బండి కింద గోనెసంచి తీస్తే దాని వెనక ఉన్నాడు. చొక్కా, నిక్కరు తడిసిపోయాయి. మైకు కట్టిన స్తంభం అక్కడికి పది అడుగులు ఉండదు. వాడి పేరు వాడి నెత్తి మీదే మోగింది అన్నిసార్లూ. ఎత్తుకుంటే నా మెడ పట్టుకుని చెవిలో, "పోలీసు నన్ను పిలుస్తన్నాడమ్మా. నేను అల్లరి చెయ్యలేదు. చెప్పకే" అన్నాడు.

అమ్మలూ, ఆ మాట విని ఇన్నేళ్ళయినా అది ఇంకా నిన్న విన్నట్టే ఉంది. ఆ సాయంత్రం నా బిడ్డని కాపాడటానికి నిలబడ్డ మనిషి దగ్గరికి వాడు వెళ్ళకుండా చేసింది నేనే. ఆ తర్వాత ఏడాది దాకా పక్క తడిపాడు. ఐదో క్లాసులో కాలికి మేకు దిగితే రెండు రోజులు నాకు చెప్పలేదు, జ్వరం వచ్చాక బయటపడింది. ఏదైనా జరిగితే ముందు అమ్మకి చెప్పాలి అనిపించాల్సిన పిల్లాడికి, ముందు దాచాలి అనిపించేలా పెంచాను. మళ్ళీ వాడు నన్ను నమ్మడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తర్వాత 22 ఏళ్ళు అంగన్‌వాడీలో చేశాను. అక్కడా ఇదే చూశాను. "అన్నం తినకపోతే టీచరమ్మ సూది వేస్తాది" అని ఇంట్లో చెబితే, బరువు చూద్దామని ఊయల తూకంలో కూర్చోబెట్టబోయినా ఆ పిల్ల కొయ్యబారిపోయేది. బూచోడు, సూది, ముష్టివాడు, పోలీసు, మనం ఎవరి పేరు చెప్పినా ఒకటే. పెంకి పిల్లల మీద ఈ మాట ఇంకా గట్టిగా పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్ళకి అన్నీ ఎక్కువే. సంతోషం ఎక్కువ, కోపం ఎక్కువ, భయం కూడా ఎక్కువే.

మరి ఏం చెయ్యాలి అంటావు. నీకు పొద్దున్న ఎనిమిదింటికి బయటపడాలి, వాడు చెప్పు వేసుకోనంటాడు. తెలుసు. అరగంట ముందు లే, వేరే దారి లేదు. వాడిని ఆటలోంచి హఠాత్తుగా లాక్కురాకు. "ఐదు నిమిషాల్లో వెళ్దాం" అంటే వాడికి అర్థం కాదు. "తులసమ్మకి ఇంకో రెండు చెంబులు నీళ్ళు పోసి వెళ్దాం" అను. వాడే పోస్తాడు, వాడే చెంబు పెట్టేస్తాడు. ఎర్ర చొక్కానా, నీలం చొక్కానా అని అడుగు. వేసుకుంటావా అని మాత్రం అడగకు, వద్దు అంటాడు. నేల మీద పడి ఏడిస్తే పక్కన కూర్చో, తల గోడకి తగలకుండా చూసుకో, అప్పుడు నీతులు చెప్పకు, చెవికెక్కవు. ఏడుపు తగ్గాక కాసిని మంచినీళ్ళు ఇచ్చి ఎత్తుకో. ఒకరోజు నువ్వూ అరిచేస్తావు. అరిచాక, "అమ్మకి కోపం వచ్చింది నాన్నా, అరవకూడదు" అని వాడికి చెప్పు. పిల్లలు చెప్పింది వింటారు, నేను చూశాను.

ఇప్పటికే అన్న మాట ఎలా వెనక్కి తీసుకోవాలో కూడా చెబుతాను. రోడ్డు మీద కానిస్టేబుల్ కనిపిస్తే ఆగి, వాడి చేత నమస్తే పెట్టించు. "తప్పిపోతే ఈ మావయ్య అమ్మ దగ్గరికి తీసుకొస్తాడు" అను. ఒకసారి చెబితే పోదు, పదిసార్లు చెప్పాలి. వాడి పేరు, నీ పేరు, ఊరి పేరు పాటలా నేర్పు. పిల్లలు తప్పిపోయినా, ఆపదలో ఉన్నా 1098కి చేస్తే పలుకుతారు, పోలీసులకైతే 112. రెండూ ఫోన్‌లో వేసుకో.

ఈ ఏడు సిరిమానుకి వాడిని తీసుకెళ్తావని నాకు తెలుసు. వద్దనను, అమ్మవారి పండగ. కానీ మూడు లాంతర్ల దగ్గరికి వద్దు. ఎవరిదైనా మేడ మీద నుంచి చూపించు. వాడి ముంజేతి మీద పెన్నుతో నీ ఫోన్ నంబరు రాయి. చెయ్యి వదలకు. దండం మనసులో పెట్టుకున్నా తల్లి ఏమీ అనుకోదు.

సిరిమాను ముందురోజు, తొలేళ్ళ నాటికి నేనూ వస్తాను. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో పొద్దున్నే బస్సెక్కుతాను. అమ్మమ్మ వస్తోందని చిన్నాడికి ముందురోజే చెప్పి ఉంచు. తిరిగి వచ్చేటప్పుడు వాడు చూడకుండా నన్ను పంపేయాలని చూడకు. ఏడిస్తే ఏడుస్తాడు. నిద్రలో ఉంటే లేచేదాకా ఆగి, చెప్పే బయల్దేరతాను. బస్సు పోతే ఇంకోటి వస్తుంది.

మీ పెద్దమ్మ