హతుడి కుటుంబమే ఉరి వద్దనడం నిజంగా ఉంటుందా?

ఉంటుందండీ. "కన్నకొడుకుని చంపినవాడికి ఉరి వద్దనే తండ్రి ఎక్కడైనా ఉంటాడా" అని అడిగారు కదా, మా నాన్న అలాంటి తండ్రే.

పొలం గట్టు తగాదాలో మా అన్నయ్యని మా ఊరివాడే నరికి చంపాడు. కేసు నడిచినన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "వాడికి ఉరి పడితేగానీ మీవాడి ఆత్మ శాంతించదు" అనేవాళ్ళు. నాన్న మాత్రం ఒకటే అనేవారు, "వాడు బయటికి రాకూడదు, అంతే. వాళ్ళమ్మ కూడా కొడుకు శవం దగ్గర కూర్చుని ఏడిస్తే నాకేం వస్తుంది?" ఆయన వాణ్ణి ఇప్పటికీ క్షమించలేదు, ఇంట్లో వాడి పేరు ఎత్తనివ్వరు. ఉరి వద్దన్నామంటే క్షమించేశామనో, పోయినవాడి మీద ప్రేమ లేదనో జనం అనుకుంటారు చూడండి, అది మమ్మల్ని చాలా బాధపెట్టింది.

జిల్లా కోర్టు యావజ్జీవం వేసింది. బాబాయి వాళ్ళు హైకోర్టుకి వెళ్ళి ఉరి వేయిద్దామన్నారు. లాయరు గారు చెప్తే తెలిసింది, నేర విచారణ చట్టానికి (CrPC) 2009లో వచ్చిన సవరణ తర్వాత బాధితుల కుటుంబం సొంతంగా అప్పీలు చేసుకోవచ్చు గానీ అది నిందితుణ్ణి వదిలేసినప్పుడో, చిన్న సెక్షన్ కింద శిక్ష వేసినప్పుడో, పరిహారం చాలనప్పుడో మాత్రమేనట, శిక్ష పెంచమని అప్పీలు చేయాల్సింది ప్రభుత్వమేనట. పోనీ మేం క్షమించామన్నా హత్య కేసులో రాజీ కుదరదు. ఉరి అడిగేవాళ్ళు మాత్రం మాలాంటి వాళ్ళ కన్నీళ్ళు చూపించే అడుగుతారు, మీకేం కావాలని మమ్మల్ని ఎవరూ అడగరు!

ఇక "యావజ్జీవమంటే 14 ఏళ్ళకి వచ్చేస్తాడు" అంటారు. హత్య కేసులో ప్రభుత్వం ముందుగా వదలాలనుకున్నా కనీసం అన్నేళ్ళు జైల్లో ఉండాలని దాని అర్థం, తలుపు దానంతటదే తెరుచుకోదు. 2008లో ఒక కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్షని రద్దు చేసి, దోషి బతికున్నంత కాలం జైల్లోనే ఉండాలని చెప్పింది కూడా.

నా మనసులో మాటని నాకంటే బాగా చెప్పినవాళ్ళు అమెరికాలోని బోస్టన్‌లో ఉన్నారు. 2013 మారథాన్ బాంబు పేలుళ్ళలో ఎనిమిదేళ్ళ మార్టిన్ రిచర్డ్ చనిపోయాడు, అతని చెల్లికి కాలు పోయింది. 2015లో ఆ తల్లిదండ్రులు బాంబు పెట్టినవాడికి మరణశిక్ష అడగొద్దని, జీవితాంతం జైల్లో పెట్టి అప్పీళ్ళు లేకుండా ముగించమని ప్రభుత్వాన్ని కోరారు. ఉరి కేసు ఏళ్ళ తరబడి సాగుతుందని, ఆ మనిషి ముఖం టీవీలో వచ్చిన ప్రతిసారీ తమ గాయం మళ్ళీ రేగుతుందని వాళ్ళ బాధ. ఎవరూ వినలేదు, మరణశిక్షే పడింది. 2020లో అప్పీలు కోర్టు ఆ శిక్షని కొట్టేసింది, 2022లో అక్కడి సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. వాళ్ళు భయపడ్డట్టే అయింది కదా.

మన దగ్గర సోనియా గాంధీ, తన భర్త రాజీవ్ గాంధీ హత్య కేసులో దోషి అయిన నళినికి ఉరి వద్దన్నారు, 2000లో ఆ శిక్ష యావజ్జీవమైంది. అదే శ్రీపెరుంబుదూరు పేలుడులో చనిపోయిన మిగతా వాళ్ళ కుటుంబాల్లో కొందరు దోషుల విడుదలకి అడ్డుపడి సుప్రీంకోర్టుదాకా వెళ్ళారు. వాళ్ళనీ నేను తప్పుపట్టను. మా ఇంట్లోనే వదిన ఇప్పటికీ వాడికి ఉరే పడాల్సిందంటుంది, పిల్లల్ని ఒక్కతే పెంచుకొస్తున్న మనిషికి ఆ మాట అనే హక్కు ఉంది, నాన్న కూడా ఆవిడకి ఎదురు చెప్పరు.

మీకు తెలిసిన ఇంట్లో ఇలా జరిగి ఉంటే ఉరి గురించి అడగకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పరిహారానికి దరఖాస్తు పెట్టారో లేదో కనుక్కోండి, వాయిదా రోజున ఒకరు తోడు వెళ్ళండి, సాక్షులు భయపడి మాట మార్చకుండా వాళ్ళకి ధైర్యం చెప్పండి. మాకు ఆ రోజుల్లో కావాల్సింది అదే, అది చేసినవాళ్ళు చాలా తక్కువమంది.