నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొడుతుంటే ఉద్యోగం వస్తుందా?

విశాఖ గాజువాక నుంచి ఒక నాన్నగారి ప్రశ్న: "మా వాడు బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి ఏడాది. అర్ధరాత్రి దాకా నల్ల స్క్రీన్ మీద ఏవో కొడుతుంటాడు, సర్వర్ ఫైర్‌వాల్ నేర్చుకుంటున్నానంటాడు. ద్వారకానగర్‌లో ఏదైనా కోర్సులో చేర్పించమంటారా?"

సార్, ముందు వాణ్ని ఆపకండి. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే సర్వర్లు చూసేవాళ్ల పనంతా ఆ నల్ల స్క్రీన్ మీదే, చాలా సర్వర్లలో మౌస్‌తో నొక్కడానికి డెస్క్‌టాప్ అంటూ ఉండదు, ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచే లాగిన్ అయ్యే పద్ధతిలో, లోపలికి వెళ్లి కమాండ్ కొట్టాల్సిందే. కాకపోతే సర్వర్‌లోకి ఏది రావచ్చో ఏది రాకూడదో చూసే ఈ ఫైర్‌వాల్ ఒక్కటే వచ్చంటే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, అది లినక్స్ అడ్మిన్ పనిలో ఒక ముక్క మాత్రమే.

వాడికి ఎంత వచ్చిందో మీరే చూసుకోవచ్చు. కొత్త ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) సర్వర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఆన్ చెయ్యాలంటే మొదట ఏం చేస్తావురా అని అడగండి. "ఎనేబుల్ కొడతాను" అని గబుక్కున అన్నాడంటే ఇంకా వీడియోలు చూసే దశలోనే ఉన్నాడు. బయటి నుంచి వచ్చేవన్నీ ఆపెయ్యడం దాని డిఫాల్ట్ కాబట్టి, ముందు ఎస్‌ఎస్‌హెచ్ వచ్చే దారైన 22వ పోర్టుకి అనుమతి ఇవ్వకుండా ఆన్ చేస్తే మళ్లీ లాగిన్ అవ్వలేం, తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నట్టే. రెడ్‌హ్యాట్ అనే ఇంకో రకం లినక్స్ సర్వర్లలో తంటా వేరు. అక్కడ ఫైర్‌వాల్-సీఎండీ అనే కమాండ్‌లో పర్మనెంట్ అని చేర్చకపోతే రూల్ ఇప్పుడు పనిచేస్తుంది, రీబూట్ కాగానే పోతుంది, చేర్చి రీలోడ్ కొట్టడం మర్చిపోతే ఇప్పుడే పనిచెయ్యదు. రెడ్‌హ్యాట్ వాళ్ల సర్టిఫికెట్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో చాలామంది కొంప ముంచేవి ఇలాంటివే, అందులో బిట్ పేపరు ఉండదు, మెషీన్ ఇచ్చి చేసి చూపించమంటారు, చేసింది రీబూట్ తర్వాత కూడా నిలబడాలి.

ఇంకొకటి ఉంది, ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. యూఎఫ్‌డబ్ల్యూలో డేటాబేస్ పోర్టు 3306 మూసేసి ఉంది, అయినా డాకర్‌లో (ప్రోగ్రాముల్ని విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తున్న డేటాబేస్ బయటి నుంచి తగులుతోంది, ఎందుకు? పబ్లిష్ చేసిన, అంటే బయటికి తెరిచిన, పోర్టులకి డాకర్ తన రూల్స్ తనే పెట్టుకుంటుంది, ఆ ట్రాఫిక్ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ దాకా రాదు. ఈ మాట తడబడకుండా చెప్పాడా, ఇక కోర్సు గురించి టెన్షన్ పడకండి, పరీక్ష ఫీజుకి డబ్బు పక్కన పెట్టండి.

చెప్పలేకపోయినా పరవాలేదు. ఒక కంప్యూటర్ లోపలే వేరే మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ ఉచితమే, లాప్‌టాప్‌లోనే రెండు మెషీన్లు పెట్టుకుని ఒకదాంట్లో పోర్టులు మూసి రెండోదాన్నుంచి, ఏ పోర్టులు తెరిచున్నాయో చూపించే ఎన్‌మ్యాప్‌తో చూసుకోమనండి. కోర్సులో చేరాల్సే వస్తే, ఫీజు కట్టేముందు ఒక్కటే అడగండి: ఒక్కొక్కరికీ విడిగా మెషీన్ ఇస్తారా, ప్రొజెక్టర్ మీద చూపించి పంపేస్తారా?

గూగుల్ 2025 అక్టోబరులో విశాఖలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించినప్పటి నుంచి నా దగ్గరికొచ్చే ప్రతి తల్లీతండ్రీ డేటా సెంటర్ ఉద్యోగమే అడుగుతున్నారు. దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకండి. ఈ దారిలో మొదటి ఉద్యోగం తరచుగా సపోర్ట్‌లోనే దొరుకుతుంది, నైట్ షిఫ్టులూ ఉంటాయి, ఆఫీసు రుషికొండ వైపైతే గాజువాక నుంచి ఊరు దాటి ఆ చివరికి వెళ్లాలి. కాబట్టి ఆఫర్ వచ్చినప్పుడు జీతంతో పాటు రాత్రి క్యాబ్ ఇస్తారో లేదో కూడా కనుక్కోమనండి.