ట్యూనింగ్ కంటే ముందు క్లచ్ సంగతి చూసుకో అల్లుడా

చిరంజీవి అల్లునికి, కడప నుంచి మామ దీవించి రాయునది.

ఇక్కడ అందరం కులాసా. నువ్వు పంపిన గ్రాఫు నిన్న రాత్రి భోజనం అయినాక కళ్లద్దాలు పెట్టుకుని నాలుగుసార్లు చూశాను. బెంగళూరులో ట్యూనింగ్ చేసే, అంటే ల్యాప్‌టాప్‌తో ఇంజన్ సెట్టింగులు మార్చే అబ్బాయి నీ కియా సెల్టోస్ డీజిల్ కారును 115 పిఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) నుంచి 140కి తీసుకుపోతానన్నాడని ఫోన్‌లో చెప్పేటప్పుడు నీ సంతోషం నాకు తెలుస్తూనే ఉంది. వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సెలవులకు వస్తే షెడ్డు వదిలి కదలకుండా, స్పానర్లన్నీ సైజు ప్రకారం సర్దిపెట్టిన పిల్లోడివి నువ్వు. నీకు బండి మీద ఎంత ప్రాణమో నాకు తెలుసు. కాకపోతే ఫోన్‌లో చెబితే "సరే మామా" అని రెండురోజులకు మరిచిపోతావు. కాగితం మీద ఉంటే మళ్లీ తీసి చదువుకుంటావని రాస్తున్నాను.

ఆ గ్రాఫులో గీతలు రెండు. నువ్వు చూసింది పవర్ గీత, అదీ దాని చివర. నేను చూసింది టార్క్ గీత, అంటే ఇంజన్ తిప్పే బలం. కంపెనీ మ్యాప్‌లో (ఇంజన్ కంప్యూటర్‌లోని సెట్టింగుల్లో) నీ ఇంజన్ 1500 ఆర్‌పిఎం (నిమిషానికి తిరిగే చుట్లు) నుంచి 2750 దాకా 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది, బల్లపరుపుగా. ఆ అబ్బాయి మ్యాప్‌లో 2000 దగ్గర గీత ఒక్కసారిగా 310కి ఎగిరి గుట్టలాగా నిలబడింది. అంటే 60 ఎక్కువ, నూటికి 24 వంతులు. గుట్ట దాటినాక జారుకుంటూ వచ్చి 4000 దగ్గర 246కి దిగింది. నువ్వు మురిసిపోయిన 140 అక్కడ వస్తోంది.

లెక్క చాలా చిన్నది, నువ్వే వేసి చూసుకో. టార్క్‌ను ఆర్‌పిఎంతో గుణించి 7024తో భాగిస్తే పిఎస్ వస్తుంది. 246ని 4000తో గుణించి భాగించు, 140. 310ని 2000తో గుణించి భాగించు, 88. ఇప్పుడు చెప్పు, నీకు 140 ఇచ్చేది ఆ గుట్టా, చివరనున్న 246నా? 246 అంటే కంపెనీ ఇచ్చిన 250 కన్నా తక్కువే గదా. ఆ గుట్ట అసలు లేకపోయినా నీ 140 నీకు వస్తుంది. మరి ఎందుకు పెట్టినాడంటే, టెస్ట్ డ్రైవ్‌లో కాలు పెట్టంగానే వీపు సీటుకు అతుక్కోవాలని. ఆ తోపు చూసినాక ఎవరైనా డబ్బు తీసి ఇస్తారు. అయితే ఆ తోపునంతా ఇంజన్ నుంచి గేర్‌బాక్స్‌కు మోసేది క్లచ్.

క్లచ్‌కు హార్స్‌పవర్‌తో పని లేదు, దాని మీద పడే బరువు టార్కే. క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు (ఇంజన్ వెనకున్న బరువైన చక్రానికి) అదిమే ప్రెజర్ ప్లేట్ స్ప్రింగు ఎంత గట్టిగా నొక్కుతుంది, ప్లేట్ మీది లైనింగు ఎంత పట్టు పడుతుంది, ప్లేట్ ఎంత వెడల్పు, ఈ మూడింటి మీదనే అది ఎంత టార్క్ మోయగలదో తేలుతుంది. ల్యాప్‌టాప్ పెట్టి ఇంజన్ మ్యాప్ మార్చొచ్చు గానీ ఈ మూడింట్లో ఒక్కటీ మారదు. కంపెనీవాళ్లు కొంత మిగులు పెట్టే చేస్తారు. ఆ మిగులు ఎండకు, లోడుకు, ప్లేట్ అరుగుదలకు పెట్టుకున్నది. నీ బండి ఇప్పటికే 62 వేల కిలోమీటర్లు తిరిగింది, నీకంటే ముందు ఇంకొకరి చేతిలో ఉండింది. మిగులులో వాళ్లు ఎంత తినేశారో పైకి కనబడదు.

టార్క్ మోయలేక క్లచ్ జారితే ఏమవుతుందో కూడా లెక్క చెబుతా. 250 టార్క్ మీద ఇంజన్ వేగానికీ గేర్‌బాక్స్ వేగానికీ మధ్య 300 ఆర్‌పిఎం తేడా వచ్చిందనుకో. అక్కడ పుట్టే వేడి దాదాపు 8 కిలోవాట్లు. మనింట్లో బకెట్లో పెట్టే ఇమ్మర్షన్ హీటరు 1500 వాట్లది. అట్లాంటివి ఐదు, నీళ్లు లేకుండా, మూసిపెట్టిన గూట్లో వెలుగుతున్నట్టు. పది సెకన్లు చాలు. లైనింగు పైపొర ఉడికి అద్దంలాగా నున్నగా అవుతుంది. నున్నబడితే పట్టు పోతుంది, పట్టు పోతే ఇంకా జారుతుంది, జారేకొద్దీ ఇంకా కాలుతుంది. ఒకసారి బాగా కాలిన క్లచ్ తర్వాత ఎంత మెత్తగా నడిపినా మునుపటిలాగా కాదు.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. పదిహేనేళ్ల కిందట నా సొంత డీజిల్ బండికి ఒకాయన దగ్గర ట్యూనింగ్ బాక్సు కొని పెట్టించాను. రాయచోటిలో పెళ్లి, మే నెల, బండిలో ఐదుమంది, డిక్కీ నిండా సామాను. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నాం. ముందర లోడు లారీ నడకలాగా పోతోంది. మలుపు మలుపుకూ సెకండ్ గేర్లో హాఫ్ క్లచ్ మీద (పెడల్ సగమే వదిలి) ఆడిస్తూ దాని వెనకాలే పోయినాను. రోడ్డు కాస్త తెరిపి ఇచ్చింది, థర్డ్ వేసి యాక్సిలరేటర్ నేలకు ఆనించాను. ఆర్‌పిఎం ముల్లు 2000 నుంచి 3000కి ఎగిరింది, బండి మాత్రం కదలలేదు. కాలిన అట్టముక్క వాసన. మీ అత్త "ఏందో కాలుతోంది" అన్నది. ఎదురుగా దిగే లారీల బ్రేకుల వాసనలే అని చెప్పి మళ్లీ తొక్కాను. అప్పుడు కాలు తీసి ఉంటే ఆ క్లచ్ ఊరు చేరేది. ఇంకో రెండు మలుపులకు ఇంజన్ అరుస్తోంది, బండి నిలబడిపోయింది. వెనక చక్రానికి రాయి పెట్టి, ఆడోళ్లను ఎండలో పిట్టగోడ మీద కూర్చోబెట్టాను. వాళ్లు ముహూర్తం అందుకోలేదు.

బండిని షెడ్డుకు లాక్కొచ్చి నేనే గేర్‌బాక్స్ దించాను. బెల్ హౌసింగ్ (క్లచ్ ఉండే గూడు) నిండా మసిలాంటి నల్లపొడి. ప్లేట్ రివెట్ల దాకా అరిగి, మిగిలిన కాస్త లైనింగు నఖం పెట్టి గీకినా గీత పడనంత నున్నగా ఉంది. ఫ్లైవీల్ మీద నెమలి మెడ రంగులో నీలం మచ్చలు, వాటి మధ్యన వెంట్రుకవాసి చీలికలు. ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్ అన్నీ మార్చాల్సి వచ్చింది. బాక్సు ధరకు ఎన్నో రెట్లు పోయింది. నువ్వు వారానికి రెండుసార్లు అదే ఘాట్ ఎక్కుతావు కాబట్టే నాకు నిద్ర పట్టలేదు.

అందుకని ట్యూనింగ్ మాట తర్వాత, ముందు పరీక్ష. పొద్దున్నే, ఖాళీ రోడ్డు, తిన్నగా ఉండేచోట. బండి బాగా వేడెక్కినాక నాలుగో గేర్లో 1700 ఆర్‌పిఎం దగ్గర నిలకడగా పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. ఆర్‌పిఎం ముల్లూ స్పీడు ముల్లూ జోడెద్దుల్లాగా కలిసి లేవాలి. ఆర్‌పిఎం ఒక్కటే మూడు నాలుగు వందలు ఎగిరి, స్పీడు వెనకబడితే జారుతున్నట్టే, వెంటనే కాలు తీసెయ్. తర్వాత ఐదో గేర్లో ఇంకోసారి. ఫస్ట్, సెకండ్ గేర్లలో చూసి బాగుందనుకోవద్దు. అక్కడ బండి తేలికగా దూకుతుంది, టర్బో పూర్తిగా గాలి తోసేలోపే గేరు అయిపోతుంది. జారుడు ముందుగా బయటపడేది పైగేర్లలోనే. నీది హైడ్రాలిక్ క్లచ్ కాబట్టి పాత కేబుల్ బండ్లలాగా పెడల్ ఎత్తు చూసి అరుగుదల కనిపెట్టలేవు. పెడల్ మునుపటికన్నా బరువెక్కిందా, రివర్స్‌లో వణుకుతోందా, అవి గమనించు. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (రెండు ముక్కలుగా, మధ్యన స్ప్రింగులతో ఉండేది) ఉన్న బండైతే ఇంజన్ ఆపేటప్పుడు టకటకమని చప్పుడు వస్తుంది, అది పోయేకాలం గుర్తు.

పరీక్షలో నెగ్గితే ట్యూనర్‌తో ఇట్లా మాట్లాడు. "2000 దగ్గర గుట్ట నాకొద్దు. 250ని 270 దాటనీయకు, 1800 లోపల కంపెనీ మ్యాప్ అట్లే ఉంచు. 3000 తర్వాత టార్క్ పడిపోకుండా నిలబెట్టు." 140 కూడా అడగొద్దు, 130తో సరిపెట్టుకో. 4000 దగ్గర దానికి 228 చాలు. చిన్న టర్బోను పైన మరీ తిప్పితే ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, మన కడప ఎండల్లో టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వచ్చే గాలే 42 డిగ్రీల్లో ఉంటుంది. ఈ మాటలకు ఆ అబ్బాయి ఒప్పుకుని, గీత తిరిగి గీసి చూపిస్తే పనిమంతుడు. "అన్నీ ఒకటే ఫైలు సార్" అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. డీపీఎఫ్ తీసేస్తానంటే అస్సలు ఒప్పుకోవద్దు. నీది బీఎస్6 బండి, ఆ ఫిల్టర్ పొగలోని మసిని పట్టేది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్‌సీకి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. మ్యాప్ మార్చిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే చెప్పు, ఒప్పుకుంటారో లేదో కాగితం మీద తీసుకో.

జారుతున్నట్టు తేలితే క్లచ్ సెట్టు మొత్తం వెయ్యాలి, ప్లేట్ ఒక్కటి వేసి డబ్బు మిగుల్చుకుందామని చూడొద్దు. గేర్‌బాక్స్ దించే కూలి రెండోసారి ఎందుకు ఇవ్వాల? అప్పుడే క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కూడా చూసి మార్పించు. అది కారి ప్లేట్ మీద చుక్క పడితే కొత్త ప్లేటైనా జారుతుంది. రేసు బండ్ల సిరామిక్ ప్లేట్ మాత్రం వద్దు. ఏడు రోడ్ల సర్కిల్‌లో సాయంత్రం పూట పదిసార్లు ఆగి కదిలేటప్పటికి ఆ కుదుపుకు విసుగొస్తుంది. కొత్త క్లచ్ వేసినాక 500 కిలోమీటర్లు మెత్తగా నడుపు, ఆ తర్వాతే మ్యాప్.

ఇంక నీ కాలు. కోపం తెచ్చుకోవద్దు, పోయిన సంక్రాంతికి నీ పక్క సీట్లో కూర్చున్నప్పుడు చూశాను. క్లచ్ పెడల్ మీద ఎడమకాలు ఊరికే ఆనించి పెడతావు. ఆ కాస్త బరువుకే రిలీజ్ బేరింగ్ మీద భారం పడుతూ ఉంటుంది, స్ప్రింగు పట్టు సడలుతుంది. స్టాక్ బండికే అది నష్టం, టార్క్ పెంచిన బండికి ఇంకా నష్టం. కాలు పక్కన డెడ్ పెడల్ (కాలు ఆనించుకునే దిమ్మ) మీద పెట్టు. ఎత్తులో ఆగితే హ్యాండ్‌బ్రేక్ వెయ్, హాఫ్ క్లచ్ మీద బండిని వేలాడదీయొద్దు. లారీ వెనక పోయేటప్పుడు దాన్ని అంటుకుని పోవద్దు. వంద అడుగులు వదిలిపెట్టి, ఫస్ట్ గేర్లో పెడల్ మీద కాలు లేకుండా పోగలిగితే పోనీ. గేరు మార్చినాక పెడల్ పూర్తిగా వదిలి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు యాక్సిలరేటర్ తొక్కు. నువ్వు ఆ రెండూ ఒకేసారి చేస్తావు. ప్లేట్ ఇంకా పట్టుకోకముందే టార్క్ మీద పడితే మ్యాప్ ఎంత మంచిదైనా దాన్ని కాపాడలేదు. 1300 ఆర్‌పిఎంలో ఆరో గేర్ వేసి యాక్సిలరేటర్ నేలకు ఆనించడం కూడా మానుకో, ఇంజన్ మూలుగుతుంది. ఒక గేరు దించితే పోయేది ఏముంది?

టర్బో గురించి రెండే మాటలు. ఘాట్ ఎక్కి గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆపితే, వెంటనే తాళం తిప్పొద్దు, ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచు. బేరింగుకు చల్లదనం ఇచ్చేది ఇంజన్ ఆయిలే. ఆ ఆయిల్ గడువు దాటనీయొద్దు.

ఆదివారం పొద్దున ఐదున్నరకల్లా బండి తీసుకుని షెడ్డుకు రా. ఎండ ఎక్కకముందే రాయచోటి రోడ్డులో నాలుగో గేరు, ఐదో గేరు పరీక్ష ఇద్దరం చేద్దాం. ముల్లు నేను చూస్తా, నువ్వు రోడ్డు చూడు. అంతదాకా ఆ అబ్బాయికి అడ్వాన్సు పంపొద్దు. వచ్చేటప్పుడు మీ అమ్మను కూడా పిలుచుకురా, మీ అత్త ఉగ్గాని, బజ్జీ చేస్తానంది.

ఇట్లు,
మీ మామ